కొమ్ము కొంగ

పదకొండు జవాబు పత్రాలు. పదకొండే.
మా బడి తెలుగు సెక్షన్‌లో ఇక మిగిలిందంతే.
ఆరో ప్రశ్న: ఈ పద్యంలో కొంగ దేనికి ప్రతీక?
పదిమంది ఒకే మాట రాశారు,
గైడులో ఉన్నట్టు, కామాతో సహా:
ఓర్పుకు, ఏకాగ్రతకు.
కళ్ళు మూసుకుని రెండేసి మార్కులు వేశాను.

పదకొండోవాడు, త్రినాథ మహారాణా,
"కొంగ అంటే గేదె" అని రాసి
కింద స్కేలు పెట్టి గీత గీశాడు.

సున్నా వేశాను. నిద్ర పట్టలేదు.
మర్నాడు సాయంత్రం పర్లాకిమిడిలో
కొమ్ము పనివాళ్ళ వీధి వెతుక్కుంటూ పోయాను
పత్రం మడిచి జేబులో పెట్టుకుని.

వాడి తాత భాగీరథి
రెండు పాదాల మధ్య కొమ్ము బిగించి అరుగు మీద ఉన్నాడు.
నన్ను చూసి లేవలేదు,
లేస్తే కొమ్ము చల్లారిపోతుంది.
బొగ్గుల మీంచి వెంట్రుకలు కాలిన కంపు.
(కాగితం మీదైతే "పరిమళం" అనేవాణ్ణి. అలవాటు.)

"మా పిల్లడేటి సేసేడు మేస్టారూ?"
చెప్పాను.
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.
"గేదే కదండి," అన్నాడు,
"ఇదేటనుకుంటన్నారు మరి?"

అప్పుడు చూశాను.
మెడ కోసం ఆయన ఎక్కడా వెతకడం లేదు.
అది ముందే ఉంది కొమ్ములో.
ఏ బురదమడుగులోనో ఈగల్ని తోలడానికి
తల విసిరీ విసిరీ
ఒక గేదె బతుకంతా పెంచుకున్న వంపు.
ఆయన ఆకురాయితో దాని చుట్టూ ఉన్నది గీరేస్తున్నాడు,
అంతే.
నల్లటి పొట్టు పంచె మీద రాలుతోంది.

"ఈకలు చెక్కరా?"

"సెక్కితే నాకు సెక్కడం వొచ్చని తెలుస్తాది.
కొంగ మాత్రం ఎగిరిపోద్ది."

నా నోటుబుక్కు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.
మహేంద్రతనయ మెడలో ఏడు విశేషణాలు వేశాను,
పాపం, వేసవిలో మోకాలి లోతు ఏరు.
వెన్నెలకి పాలు, వెండి, మంచు, మల్లెలు, ఆఖరికి సున్నం కూడా;
వెన్నెలే ఎక్కడా కనబడదు.

ఉండబట్టలేక అన్నాను:
"నేనూ రాస్తాను తాతా. ఈ సరిహద్దు మీద.
ఇది నేల మీద మానని గాయం అని రాశాను."

ఆకురాయి ఆగింది.
ఎడమ బొటనవేలు నా ముందుకు చాచాడు.
గోరు సగం లేదు, రంపం మిగిల్చినంతే ఉంది.
"గాయమంటే ఇదండి.
అటుపక్కది పాతపట్నం.
ఉల్లిపాయలక్కడ సవక. మా రెండో కోడల్ది ఆ ఊరే.
మా యావిడ తిట్టినప్పుడు ఒడియాలో తిడతాది,
ఏడుపొస్తే తెలుగే వొస్తాది దానికి."

"మరి దేంతో పోల్చమంటావు?"

"నాకేటి తెలుసు. మేస్టారు మీరు."

దీపాలు పెట్టే వేళకి
ఆయన బర్మా తీసి తల పక్కన ఆనించాడు.
రెండు తిప్పులు. ఊదాడు.
అంతవరకూ అది కొమ్ము.
ఆ చిన్న చిల్లు పడ్డాక
నేను కూర్చున్న చోటు మార్చుకున్నాను,
అది నన్నే చూస్తోంది.

నూట ఎనభై అన్నాడు. రూపాయి తగ్గించలేదు.
జేబులో పత్రం బయటికి తియ్యకుండానే
కొంగని పట్టుకుని ఇంటికొచ్చాను.

సున్నా కొట్టేశాను.
రెండు వేద్దామంటే చెయ్యి ఒప్పలేదు,
రెండు ఓర్పుకు, ఏకాగ్రతకు.
ఆ గడి ఖాళీగా ఉందని
హెడ్మాస్టరు గారు రెండుసార్లు గుర్తుచేశారు.
నోటుబుక్కులో గాయం అన్న మాట కొట్టేసి
ఉల్లిపాయలు అని రాశాను.
పద్యం కాలేదు. కొట్టెయ్యనూ లేదు.

నిన్న మొదటి ముసురు.
తలుపు చెక్కలు ఉబ్బి మూత పడటం లేదు.
గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి కుముదిని
గడపలోనే ఆగి, ముక్కు ఎగబీల్చి,
బల్ల మీద ఒంటికాలి పక్షిని దాటి
గదంతా కలయచూసింది:

"ఇంట్లో గేదెని కట్టేరేటి, మేస్టారూ?"