ఆరో ఫ్యూజు

రోండా లోయలో బొగ్గు గని మూసేసి ముప్పై ఏళ్ళు దాటింది.
వాన మాత్రం డ్యూటీ మానలేదు.
నెస్టా ఇంట్లో మెట్ల కింద అర,
అరలో గొడుగులు, ఇస్త్రీ బల్ల,
వాటి వెనక గోడకి
నల్ల బేకలైట్ మూతతో పాత ఫ్యూజు పెట్టె.

టార్చి పళ్ళతో కరిచిపట్టి మూత తీశాను.
తెల్ల పింగాణీ ఫ్యూజులు, ఆరు.
ఒకదాంట్లో తీగకు బదులు జడపిన్ను.
"ఇద్రిస్ పనే," అంది నెస్టా, ఏమాత్రం సిగ్గుపడకుండా.
ఇంటి దీపమే కదా అని ముద్దుపెట్టుకుంటే
మీసాలు కాలతాయని
ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు.

ఐదింటి మీద పెన్సిలు రాత:
వంటిల్లు, ముందు గది, మేడ, పొయ్యి, వేణ్ణీళ్ళు.
ఆరోదాని మీద ఏమీ లేదు.
లాగాను.
ఇంట్లో ఏదీ ఆరలేదు.
గోడ అవతల ఒక పిల్ల అరిచింది:
"అమ్మా, మెట్లు పోయాయి!"

నెస్టా గొడుగులు సర్దుతూ చెప్పింది.
ఎనభై నాలుగు సమ్మె. జీతం లేని ఏడాది.
పక్కింటి ఈవన్‌కి కరెంటు కోసేశారు.
వాళ్ళావిడకి నెలలు నిండాయి, నిటారు మెట్లు.
ఇద్రిస్ గోడకు బెజ్జం పెట్టి తీగ దూర్చాడు,
ఒక్క బల్బుకి.
సమ్మె ఓడిపోయింది. ఈవన్ పోయాడు. ఇద్రిస్ పోయాడు.
ఆ ఇల్లు మూడు చేతులు మారింది.
"తీగ సంగతి ఎవరికీ గుర్తులేదు,
అంటే, నాకుంది."

కొత్త పెట్టె బిగించి
ఆరో తీగ కూడా కలిపి చూశాను.
టక్.
ముప్పై మిల్లీయాంపులు దారి తప్పితే చాలు, పడిపోతుంది.
వెళ్ళినదంతా తిరిగి రావాలి దానికి, పైసాతో సహా.
పాతది అలా లెక్క అడిగేది కాదు.

పక్కింటి బెథన్, నర్సు,
రాత్రి డ్యూటీ నిద్ర ఇంకా ముఖాన ఉంది.
"మీటర్లో డబ్బులయిపోయి ఇల్లంతా చీకటైనా
మెట్ల మీద దీపం ఉండేది.
ఎందుకని ఎవర్నీ అడగలేదు,
అడిగితే ఆరిపోతుందేమోనని."

దాన్ని వాళ్ళ మీటరుకే కలిపాను.
అరగంట పని, బిల్లులో రాయలేదు.
తిరిగొచ్చి కొత్త పెట్టె మీద పేర్లు అంటించాను.
ఆరో చోటు ఖాళీ. ప్లాస్టిక్ బిళ్ళ నొక్కాను.

నెస్టా ఆ బిళ్ళకేసి కాసేపు చూసింది.
కోటు తొడుక్కుంది, ఒక బొత్తాం తప్పించి,
వానలోకి వెళ్ళి బెథన్ తలుపు కొట్టింది.
"మీ మీటరు కార్డు ఇలా ఇయ్యి," అనడం వినిపించింది.
మూల దుకాణం ఆరింటికి మూసేస్తారు.