నూరు గింజల తూకం

ఆంటిగోలో నవంబరు. మంచు ఇంకా పడలేదు.
హార్డ్‌వేర్ కొట్టు గాజుబల్ల మీద
వెర్నాన్ యెన్స్కి రెండు తూటాలు నిలబెట్టాడు,
రాగి మొనలు పైకి.

భుజానికి ఆపరేషనయ్యాక
పెద్ద రైఫిల్ అల్లుడికిచ్చేశాడు.
ఇప్పుడిది, సన్న గొట్టంది, టూ ఫార్టీ త్రీ.
తన్నదు. పసిపిల్లలా భుజాన ఒదుగుతుంది.

"ఇది యాభై ఎనిమిది గ్రెయిన్లు," అన్నాను.
"మెరుపులా పోతుంది. తగిలిన చోటే పగిలిపోతుంది.
నక్కకైతే సరే."
"జింకకి?"
మాట్లాడకుండా రెండోదాన్ని ముందుకు జరిపాను.
వంద. నిదానం. ఎముక అడ్డొచ్చినా
ఊపిరిదాకా వెళ్ళే రకం.

గ్రెయినంటే గింజే కదా.
మా తాత కంసాలి,
గురిగింజలతో బంగారం తూచేవాడు.
ఆ మాటలో గురి ఉందని
ఈ బల్ల వెనక నిలబడేదాకా నాకు తట్టలేదు.

వెర్నాన్ దాన్ని అరచేతిలో దొర్లిస్తూ
నిరుటి సంగతెత్తాడు, అడక్కుండానే.
ఎండుటాకుల మీద మూడు చుక్కలు.
వాగు అవతల ఒకటి.
తర్వాతేమీ లేదు.
టార్చి ఆరిపోయేదాకా
మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడట.
తెల్లారాక
ఎక్కడుందో కాకులు చెప్పాయి.

"చిన్న తూటాతో అలాగే అవుతుంది," అన్నాను,
ఓదార్పుగా.
"కాదు," అన్నాడు. "అప్పుడు చేతిలో ఉన్నది పెద్దదే."

వంద గింజల పెట్టె ఒకటి కొన్నాడు.
తలుపుదాకా వెళ్ళి, గంట మోగాక,
వెనక్కొచ్చాడు:
కాగితం గురిబొమ్మలు
ఇంకో పాతిక ఇమ్మని.