ట్యూబు మీద రెండు పేర్లు

అందరికీ చెప్పే మాట ఇది:
డబ్బాని ఒంటికి ఆనించి తీసుకురండి,
చల్లబడనీకండి, గంటలోపు చేర్చండి.
మే నెల కర్నూల్లో ఈ మాట చెల్లదు.
ఇక్కడ వీధికే జ్వరం.
లాడ్జి నుంచి మూడు సందులు దాటి
తడి తువ్వాలు చుట్టిన డబ్బాని
అరువు తెచ్చిన గడియారంలా
రెండు చేతుల్తో అందించాడు దస్తగిరి.

అరగంట ఆగుతాను. చిక్కదనం కరగాలి.
తర్వాత సన్నని ట్యూబులో
అడుగున చిక్కటి ద్రవం, దాని మీద పలచటిది,
ఒకదాన్నొకటి కలుపుకోకుండా, నా చెయ్యి వణక్కుండా.
ఆ పైన అతని పదకొండేళ్ళు.
మిషను తిరుగుతుంది, ఇరవై నిమిషాలు.

తలుపు సందులోంచి అడిగాడు:
"మంచివి పైకొస్తాయా మేడం, కిందికి పోతాయా?"
ఆదోని జిన్నింగు మిల్లులో పని అతనిది.
అక్కడ గింజ ఒక దిక్కు, దూది ఒక దిక్కు.
అతని తాతలు వింటినారితో ఏకితే
చెత్త రాలి దూది లేచేది.
"ఈ పద్ధతిలో కిందికే అన్నా.
ఇంకోటుంది, దాంట్లో ఈదగలిగినవి పైకొస్తాయి."
కాసేపు ఆలోచించి
"అట్లయితే పైకీ కిందికీ తేడా ల్యాకపాయె" అన్నాడు.
రిజిస్టరులో రాసుకోవాల్సిన మాట. గడి లేదు.

కడుగుతాను. తిప్పుతాను. మళ్ళీ కడుగుతాను.
మిగిలేది అర మిల్లీలీటరు,
ఉగ్గుగిన్నె అడుగు కూడా తడవదు.
గళ్ళ అద్దం మీద లెక్కపెడతాను.
కొన్ని నిలబడిపోయినవి.
కొన్ని దావ మరిచిన ఆటోల్లా
ఉన్నచోటే గిరగిరా.
సూటిగా పోయేవీ ఉన్నాయి.
ఆ అంకెని మాత్రం కొంచెం వత్తి రాస్తాను.

మాబున్ని తాగిన కషాయాలకి, కట్టుకున్న తాయెత్తులకి,
ఇంకొకరి సీమంతాల్లో వెనక్కి జరిగి నిలబడ్డ పొద్దులకి
ఏ అంకె వెయ్యాలో తెలీదు.
పోయిన ఉగాది దాకా అతన్ని ఎవరూ పరీక్షకే పంపలేదు.
రిపోర్టు వచ్చినా
ఇంట్లో ఆ మాట ఇంకా ఆమె మీదే ఉంది.
ఉండనీలే, అందట.

ఇక ఆఖరి నియమం.
ట్యూబు ఎవరిదో ఆమె నోటితో చెప్పాలి,
ఇద్దరు సాక్షులు వినాలి.
"మీ ఆయన పేరు చెప్పమ్మా."
"మా ఇంటాయన."
"అట్ల కాదు, పేరు."
"మిల్లుకు పొయ్యే ఆయన."
"పేరమ్మా."
"కాగితంలో ఉంది గదా మేడం, మీకు తెలీదా?"
నర్సు గడియారం చూసింది.
ఏసీ గదిలో, నా పిడికిట్లో ట్యూబు
ఆమె కోసం వెచ్చగా ఉండాలని చూస్తోంది.

బల్ల మీద పడుకుని, పైకప్పుని చూస్తూ,
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది:
"దస్తగిరి."
అంత మెల్లగా చెబితే చెల్లదు.
ఇంకోసారి అనమని నేను అనాలి.
అనకముందే అంది,
ఈసారి కొంగు తీసి.

తలుపు అవతల ఎవరో
"ఆఁ" అని పలికారు.