ఏడో పడవ

నా గొంతు లైట్‌హౌసు దాకా ఇనబడతాది.
సేపలమ్ముకునే దాని గొంతు అలాగే ఉండాల.
మా ఆయన మాట పక్క మంచం కాడికి కూడా రాదు.
పదిహేనేళ్లు నీళ్ల అడుగున నౌకరీ సేసినాడు.
అక్కడ సెంచా జారి పడినా తప్పేనట.

కళింగపట్నంలో సబ్‌మెరైన్ దాలయ్య అంటే సాలు, ఇల్లు సూపిస్తారు.
పిల్లలొచ్చి అడుగుతారు:
తాతా, నువ్వెన్ని ఓడలు ముంచీసినావు?
ఒక్కటీ నేదురా, అంటాడు
వలకి కన్నులేసుకుంటూ.

టార్పెడో గొట్టాల కాడ ఆయన పని.
ఓ పాలి ఆ గొట్టాల్లోకి మైన్లు ఎక్కించమన్నారట,
ఒక టార్పెడో పట్టే సోట రెండేసి.
తాటిదుంగల్లా నున్నగా, నల్లగా ఉంటాయట.
పగోడి రేవు గుమ్మం దాకా సీకట్లో ఎల్లి
ఇరవై బారల లోతున ఒక్కోటీ దించి
ఊపిరి బిగబట్టుకుని తిరిగొచ్చీయాల.
ఎవలూ సూడకూడదు.
ఎవలి మీదా సెయ్యెత్తినట్టే ఉండకూడదు.
అది పేలినప్పుడు మనం అక్కడుండమే, అన్నాడు.
వంద మైళ్ల అవతల టీ తాగుతుంటాం.

వలేసినోడూ గట్టునే ఉంటాడు కదేటి, అన్నాను.
సానాసేపు మాటాడనేదు.
వలేసినోడు తెల్లారి ఎత్తడానికెల్తాడే.

మరో రాత్రి, వాన కురుస్తుంటే, ఇంకోటి సెప్పినాడు.
దానికి లెక్కలొచ్చునట.
ఇసకలో పొట్ట ఆనించి పడుకుని
నెత్తి మీంచి పోయే ఓడల సప్పుడు ఇంటాదట.
ఒకటా, పోనీ. రెండా, పోనీ.
మైన్లు ఏరడానికొచ్చిన పడవనీ పోనీ.
దారి మంచిదేలే అని అందరూ బీడీ ముట్టించుకునే దాకా పోనీ.
ఏడుకి పెడితే ఏడోదాని కింద లేస్తాది.
ఆ అంకె తిప్పింది నా సెయ్యేనే, అన్నాడు.
ఆ సెయ్యి అప్పుడు నా కాలి మీదే ఉంది.
తీసీమననేదు నేను.

నిజం యుద్ధం కాదులే, ప్రాక్టీసు.
లోపల మందు నేదు, సిమెంటు.
ఎనిమిది దించినారు. వారం పోయాక డైవర్లు దిగి ఏరినారు.
ఏడు దొరికినాయి.
సిమెంటే కదా అని ఆఫీసరు సంతకం పెట్టీసినాడు.
అది జరిగింది ఎక్కడో, ఈ రేవులో కాదు.
ఇరవై రెండేళ్లు దాటిపోనాయి.

అయినా మా ఆయన తెల్లారగట్ల
వంశధార మొగ కాడ గొంతుక్కూచుని
ఎల్లే పడవల్ని లెక్కెడతాడు.
ఏడోది కదిలితే తాడు పట్టుకుంటాడు.
ఐసు మరిసిపోనావంటాడు. డీజిలు సూసుకోమంటాడు.
ఓ రోజు గనగళ్లోళ్ల గుంటడు ఎర్రోడు అడిగీసినాడు:
నన్ను ఆపితే ఎనకున్నోడు ఏడోవోడవుతాడు కదా మావా,
ఎవడో ఒకడు అవ్వాల కదా?

మర్నాడు సరుగుడు తోటలో ఎండిపోతున్న
పాత తెప్ప లాక్కొచ్చినాడు.
ఆరు పడవలెల్లినాక
తానొక్కడే తోసుకుని మూడు కెరటాలు దాటి,
అక్కడ కాసేపు తెడ్డు ఆపి,
తిరిగొచ్చీసినాడు.
అప్పట్నుంచి రోజూ అంతే.
నవ్వినోళ్లే ఇప్పుడు ఆ తెప్ప కోసం ఆగుతున్నారు.

మొన్న మలేరియా పట్టి లేవనేదు.
ఆరు పడవలెల్లిపోనాయి.
ఎర్రోడు తాడు సేత్తో పట్టుకుని
మా ఇంటికేసి సూస్తున్నాడు.
కాళీ తట్ట కిందెట్టీసినాను.
మా ఆడోళ్లు ఏటకి దిగరు.
మోకాళ్ల దాకే ఎల్లి
ఎవలూ నేని తెప్పని రెండు సేతులా తోసినాను.
మొదటి కెరటం ఎత్తింది.
రెండోది తిరగేసి ఇసకలోకి ఇసిరీసింది.

ఏడు! అని కేకేసినాను,
లైట్‌హౌసు దాకా.

మంచం మీద ఆయనకి ఇనబడిందో నేదో.
ఎర్రోడు ఇంజను తిప్పినాడు.