ఉబ్బిన డబ్బా

జూన్ నెల. బంగారుపాళ్యం రోడ్డు పొడుగునా
తోతాపురి లారీలు తెల్లారకముందే వరసకట్టాయి.
గేటు లోపల, మొదటి తొట్టిలో
కాయలు క్లోరిన్ నీళ్ళలో మునిగి తేలుతున్నాయి.
మోచేతుల దాకా చర్మం పాలిపోయిన దేశమ్మ
ముచ్చిక దగ్గర మెత్తబడ్డవాటిని ఏరి
వెనక్కి చూడకుండా విసిరేస్తోంది.

నాది ల్యాబ్.
దూదిపుల్లతో అందరి అరచేతులూ తుడిచి
గాజు పళ్ళెంలో గీసి
వెచ్చటి పెట్టెలో పడుకోబెడతాను.
ఎవరు సబ్బు ముట్టలేదో
రెండ్రోజులకి పళ్ళెం
చుక్కలు చుక్కలుగా చాడీలు చెబుతుంది.

"ఏం పాపా, కంటికి కనపడనోళ్ళతోనా నీకు కొట్లాట?"
దేశమ్మ నవ్వుతుంది.
"ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే
మాయమ్మ ఏళ్ళు ఇరగ్గొట్టేది.
ఆయమ్మకి ఎవురు చెప్పినారో మరి!"

నాకైతే తిరుపతిలో మూడేళ్ళు చెప్పారు.

గుజ్జు గొట్టాల్లో కుతకుతలాడుతూ పోతుంది.
తొంభై రెండు దగ్గర ముల్లు కొంచెం ఒణికినా
మునిచెంగయ్య టీ గ్లాసు వదిలేసి
వాల్వు దగ్గరికి ఉరుకుతాడు.
మూత బిగిశాక
షిఫ్టుకి మూడు డబ్బాలు పక్కకి తీసి
ఉక్కపోసే గదిలో పద్నాలుగు రోజులు ఉంచుతాం.
రోజూ వేలితో తట్టి చూసి
రిజిస్టరులో రాస్తాను: ఏమీ లేదు.
ఏమీ లేదు. ఏమీ లేదు.
ఆ రెండు మాటలకే నాకు జీతం.

తొమ్మిదో రోజు
ఒక మూత నొక్కితే లోపలికి పోయి
టక్కున మళ్ళీ పైకొచ్చింది,
నిద్రలేపితే విసుక్కున్న మనిషిలా.

నంబరు చూశాను. నా రాత్రే.
మూడింటికి కరెంటు పోయి వచ్చిన రాత్రి.
ముల్లు ఎంతకి దిగిందో చూడకుండా
కళ్ళు మూతలు పడుతుండగా
తొంభై రెండని రాసింది నేనే.

మేనేజరు గదిలో చెప్పి వచ్చాను.
ఆ పూట డబ్బాలన్నీ ప్రహరీ వెనక గోతిలో పోసి
సున్నం చల్లారు.
ఈగలు వచ్చాయి, పులిసిన మామిడి వాసన వచ్చింది.
దేశమ్మ గోతి అంచున నిలబడి
ఎంతమంది రైతుల కాయలో
లెక్కపెట్టబోయి మానేసింది.
నన్నేమీ అడగలేదు.

సాయంత్రం అందరి చేతులూ తుడవడం అయ్యాక
పెట్టెలో ఒక పళ్ళెం మిగిలింది.
ఇన్నేళ్ళలో ఎవరూ తుడవని చెయ్యి ఒకటుంది ఇక్కడ.
దూదిపుల్ల తడిపి
కలం పట్టే వేళ్ళ మధ్య గట్టిగా రుద్దాను.
పేరు రాసే చోట కాసేపు ఆగి
నా పేరే రాశాను.