తూర్పు కొండ మీద సిగ్నల్

పాంతెలిస్ తాత బిల్లుని నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు,
డాక్టరుకి రిపోర్టు చూపించేవాడిలా.
రెండు వందల పద్నాలుగు యూరోలు.
"నేను దేశం దాటలేదమ్మా క్రిసాంతీ" అన్నాడు,
"నా మేకలు కూడా దాటలేదు."

రేవు పక్కన బారెడు వెడల్పు కొట్టు నాది.
సిమ్ కార్డులు, ఛార్జర్లు, వానలు మొదలైతే గొడుగులు.
వేసవిలో ఓడ దిగిన ప్రతివాళ్ళకీ ఒకటే పాఠం:
డేటా రోమింగ్ ఆపుకోండి,
నెట్‌వర్క్ మీరే ఎంచుకోండి, ఫోన్ ఇష్టానికి వదలకండి,
తూర్పు కొండ ఎక్కితే మరీనూ.
తల ఊపుతారు. చేతిలో ఐస్‌క్రీమ్ కారిపోతుంటుంది.
మూడోనాడు పరిగెత్తుకొస్తారు.

ఆ కొండ వెనక మన టవర్ కనపడదు.
ఎదురుగా ఐదు మైళ్ళ ఏజియన్ నీళ్ళు,
నీళ్ళవతల టర్కీ.
రాత్రిపూట వాళ్ళ కార్ల దీపాలు లెక్కపెట్టొచ్చు.
ఫోన్‌కేం తెలుసు సరిహద్దు?
ఎవరి గొంతు గట్టిగా వినిపిస్తే
వాళ్ళ వాకిట్లో చతికిలబడుతుంది,
పిలవని పేరంటంలో పీకలదాకా తిని
ఖర్చు మన ఖాతాలో రాయించి వస్తుంది.

తాత ఫోన్ తెరిచి చూశాను.
బేకరీ దెస్పినా వాడి వాడి ఇచ్చేసింది.
దాని పెళ్ళి ఫొటోలు మూడు వేలు
ఈయన చొక్కా జేబులో కూర్చుని
రోజంతా పైకెక్కడికో ఎక్కుతున్నాయి,
పరాయి గాలి మీదుగా, ఒక్కొక్కటే.

ఇంకో సంగతీ చెప్పాడు, గొంతు తగ్గించి.
చలికాలమంతా కాఫీ కొట్టు తెరవకముందే దిగొచ్చి
మూసిన తలుపు ముందు నిలబడేవాడట.
"మతి పోతోందనుకున్నా."
కాదు తాతా, చలికాలంలో ఆ ఒడ్డు
మనకన్నా గంట ముందు నడుస్తుంది.
నువ్వు కొండ మీద చూసింది వాళ్ళ టైము.
ఆయన నవ్విన నవ్వు చూడాలి,
రెండు వందల పద్నాలుగు మర్చిపోయాడు కాసేపు.

కంపెనీకి నేనే ఫోన్ చేశాను.
నలభై నిమిషాల సంగీతం తర్వాత సగం మాఫీ.
రోమింగ్ మొత్తం కట్టేసి పంపాను.

పదిరోజులకి మళ్ళీ వచ్చాడు.
బిల్లేమైనా వచ్చిందా?
"రాలేదు. అదీ రావడం లేదు."
ఏది?
పాత మెసేజీలు చూపించాడు, రోజుకొకటి,
ఒకదాని కింద ఒకటి, ఒకే మాట:
టర్కీకి స్వాగతం.

అది ఏథెన్స్‌లో మన కంపెనీ మిషను పంపేది తాతా,
అనబోయాను.
"మా అమ్మ ఆ ఒడ్డునే పుట్టింది" అన్నాడు.
"ఇరవై రెండులో, ఏడేళ్ళ పిల్ల,
ఎవరిదో మగవాళ్ళ కోటు తొడుక్కుని పడవ దిగింది.
బతికినన్నాళ్ళూ తన కుర్చీ అటు తిప్పి వేయనివ్వలేదు.
ఆ దిక్కు నుంచి మా ఇంటికి
రమ్మని ఒక్క మాట రావడం ఇదే."

నోరు మూసుకుని సెట్టింగ్స్ తెరిచాను.
రోమింగ్ ఉండనీ, డేటా మాత్రం వద్దు.
వచ్చే మెసేజ్‌కి పైసా పడదు.
కొండ మీద కాల్ వస్తే ఎత్తకు, ఎత్తితే మీటరు తిరుగుతుంది.
దెస్పినా ఫొటోలు తీసేశాను,
ఒకటి తప్ప, అందులో వెనకాల తాత కేకు తింటున్నాడు.

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.
"దానికి జవాబు పంపొచ్చా?"
పంపితే డబ్బులవుతాయి తాతా.
"ఎంత?"
పట్టిక తిరగేశాను. నలభై సెంట్లు.
జేబులోంచి నాణేలు తీసి,
కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి,
రెండు ఇరవైలు బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు.

ఆ నంబరు జవాబులు తీసుకోదు. నాకు తెలుసు.

కుర్చీ ముందుకు లాక్కుని
ఏం రాయను, అన్నాను.