కొత్త నీళ్లు

తొట్టి కట్టి మూడు వారాలు.
సిమెంటు ఇంకా సున్నం కక్కుతూనే ఉంది.
చింతపండుతో తోమాను, అరటిబోదె ముక్కలు నానేశాను,
నాలుగుసార్లు తోడి వీధిలో పారబోశాను.

ఇందుకూరుపేట రొయ్యల గుంటల మీద
పద్దెనిమిదేళ్లు టార్చిలైటుతో తిరిగినోణ్ణి.
తెల్లారుజామున కరెంటు పోతే
ఏరేటర్లు ఆగిన నిశ్శబ్దానికే మెలకువొచ్చేది.
ఎవరెవరివో ఎకరాలు కాపాడాను గానీ
మూలాపేట పెరట్లో మంచమంత గుంట
నా మాట వినదు.

"తేటగానే ఉండాయి గదా తాతా?"
పక్కింటి మస్తాన్‌బీ మనవరాలు నౌషీన్,
చేతిలో కవరు, కవర్లో ఆరు చేపలు.
తేటనీళ్లని నమ్మకూడదమ్మా.

గాజుగొట్టంలో చుక్కలేశాను.
పసుపు రావాలి, ఆకుపచ్చొచ్చింది.
"పచ్చంటే మంచిదేగా?"
పొలానికి మంచిదే.

నేను కునుకు తీసినప్పుడు ఒకదాన్ని వదిలేసింది.
పొద్దున అది పక్కకి ఒరిగి తేలుతుంటే
ఏడవలేదు. ఇంటికెళ్లి నోటుబుక్కు తెచ్చింది.

సోమారం: పచ్చ.
మంగళారం: పచ్చ.
శుక్రారం: పచ్చే, కానీ కొంచెం.

ఇవాళ గోడకి వేలు పెట్టి
"ఛీ, జారతా ఉంది!" అంది.
తుడవబోతే చెయ్యి పట్టుకున్నాను.
మనం ఎదురుచూసే చుట్టం అదేనమ్మా,
చెప్పులు విడిచి ఇప్పుడే లోపలికొచ్చింది.

ఐదు చేపలు వాళ్లింటి స్టీలు బక్కెట్లో
గుండ్రంగా తిరుగుతున్నాయి.

రాత్రి మూడింటికి కరెంటు పోయింది.
ఆగడానికి నా గుంటలో ఏ మోటారూ లేదు.
అయినా లేచి, టార్చి వెతుక్కున్నాను.